మూగరోగి, మన యెంపిక

మనుష్యునకు జబ్బుచేసినప్పుడు వైద్యుని నెన్నుకొనువాడును, నొప్పి ననుభవించువాడును, మందు మ్రింగువాడును, గుణమిచ్చినదో లేదో చెప్పువాడును సాధారణముగా నొక్కడే. పసిబిడ్డల సంగతి వేరు. అయినను బిడ్డ పెరిగి పెద్దయి యొకనాడు మనల నడుగగలదు. పశువు విషయమున నీ నాలుగు పనులును విడిపోవుచున్నవి. నొప్పి దానిది, నిర్ణయము మనది. మందు దానికి, సొమ్ము మన సంచిలోనిది. గుణదోషములు చెప్పవలసినది రోగి కాగా, చెప్పుచున్నది రోగి యజమానుడు. రోగి కోరినదియు పాలే, వైద్యుడు చెప్పినదియు పాలే యని మనవారు సామెత చెప్పుదురు. ఇచ్చట రోగి యేమియు కోరదు. కోరినను మనకు తెలియదు. కావున పశువైద్యశాల నెన్నుకొనుట బజారులో సరకు నెన్నుకొనుటవలె గనబడినను, నిజమునకు ధర్మవిచారమునకు జెందిన ప్రశ్న యని మా యభిప్రాయము. ఒకరి శరీరమును వారి యనుమతి లేక మరియొకరి చేతి కప్పగించు నధికారము మనకెట్లు వచ్చినది? వచ్చినదే యనుకొందము, దాని నే కొలబద్దతో వినియోగింపవలయును?

అధికారము మనము పుట్టించుకొన్నదే. అడవిలోని జింకకు వైద్యుడెవ్వడని కొందరు పరిహసింతురు. నిజమే, కాని జింకను మనము కట్టుకొయ్యకు గట్టలేదు, దాని మేతను కొలిచి వేయలేదు, దాని పిల్లను ప్రక్కకు లాగి పొదుగు పిదుకలేదు. ఆవును గేదెను మన యక్కరకు దగినట్లు తరతరములుగా మలచి, కుక్కను గడపకు గొలుసుతో బిగించి, పిల్లిని నాలుగవ యంతస్తు నింటిలో బంధించి, తమ దారి దాము వెదకికొను స్వేచ్ఛను వానికి లేకుండ జేసినవారము మనమే. స్వేచ్ఛను దీసికొన్నవాడు పూచీని గూడ దీసికొనవలయును. ఈ మాట క్రొత్తది కాదు. కర్నూలు జిల్లాలోని యెఱ్ఱగుడి గుట్టమీద క్రీస్తునకు బూర్వము మూడవ శతాబ్దమున అశోకుడు చెక్కించిన శాసనములలో రెండవది, మనుష్యులకును పశువులకును రెండు విధములైన చికిత్స నేర్పరచినట్లు చెప్పుచున్నది. మందుమొక్కలు లేనిచోట్లకు వానిని దెప్పించి నాటించినట్లును అందు గలదు. మన తెలుగునేలమీదనే యీ రాతిమాట యుండగా, గొడ్డుకు వైద్యమేమిటని నవ్వుట మనకు దగదు.

అయితే దయ యొక్కటియే పశువైద్యమును పెంచినదనుటయు సత్యము కాదు. 1761లో ఫ్రాన్సు దేశమందలి లియాన్ నగరమున మొదటి పశువైద్య విద్యాలయమును స్థాపించిన క్లోడ్ బూర్జెలా గుర్రపుస్వారి విద్యలో బ్రసిద్ధుడు. పశువుల మహామారివలన దేశమునకు గలుగుచుండిన నష్టమే యచ్చటి ప్రభుత్వమును గదలించినది. మన దేశమున 1889లో పుణెలో ప్రారంభమై పిమ్మట హిమాలయములలోని ముక్తేశ్వరమునకు దరలిన పరిశోధనాలయమునకు గాని, 1903లో మద్రాసున వెలసిన కళాశాలకు గాని కారుణ్యముకంటె లెక్కయే యెక్కువ ప్రేరణ యని చెప్పినచో దప్పు గాదు. ఆ లెక్కనుండియే యెంతటి మేలు గలిగినదో చూడుడు. రిండర్‌పెస్టు అను ఆ మహామారి 2011లో భూమిమీద నిక లేదని ప్రకటింపబడినది. మనుష్యజాతి యిట్లు తుడిచివేసిన రోగములు నేటికి రెండే, మొదటిది మసూచి. లాభమును దయయు నొకే బండికి గట్టిన యెడ్లవలె నడచినప్పుడు మనకు దగవు లేదు. ఒకటి యిటు, ఒకటి యటు లాగినప్పుడే వైద్యశాల పరీక్షకు వచ్చుచున్నది.

మనవారు వైద్యశాలను దేనినిబట్టి యెన్నుచున్నారు? ఇంటికి దగ్గరయనియో, చవుక యనియో, లేక మెరుగుగా నున్నదనియో. ఈ మెరుగును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఒక పట్టణమున మేము చూచిన యొక వైద్యశాలయందు ముందుగది యద్దములతో నిండియుండెను. కుక్కలకు జొక్కాలు, సువాసనసబ్బులు, రంగురంగుల గొలుసులు అమ్మకమున కుంచబడియుండెను. లోపలిగదిలో మాత్రము రక్తవిరేచనములతో దెచ్చిన కుక్కపిల్లను బరుండబెట్టిన బల్లనే, పైపైని తడిగుడ్డతో దుడిచి, టీకాకు వచ్చిన యారోగ్యవంతమైన పిల్లను బెట్టిరి. పార్వో యను ఆ విరేచనరోగపు సూక్ష్మజీవి మామూలు సబ్బునకు జావదు. నెలల తరబడి నేలను బట్టుకొనియుండును. దానిని జంపుటకు బ్లీచింగు ద్రావణము వంటిది కావలయును. జొక్కాలమ్ము గదికి బెట్టిన వ్యయములో బదియవవంతు ఆ బల్లకు బెట్టినచో నెంత బాగుండెడిది! యజమానుని కన్ను పడుచోట సొమ్మును, రోగి యొడలు దగులుచోట నిర్లక్ష్యమును కనబడినచో, ఆ వైద్యశాల యెవరికొరకు గట్టబడినదో వేరుగ జెప్పనక్కరలేదు.

మరి దేనిని జూడవలయును? అంటురోగపు జంతువును వేరుగదిలో నుంచుచున్నారా? మందిచ్చుటకు ముందు బరువు తూచుచున్నారా? తూచక మోతాదు నిర్ణయించుట చీకటిలో రాయి విసరుటయే. ఎద్దును దక్కెడ కెక్కింపలేనిచోట రొమ్ము చుట్టుకొలతనుబట్టి యైనను బరువు నంచనా వేయవచ్చును. టీకాలను 2 మొదలు 8 డిగ్రీల సెంటీగ్రేడు చలువలో నుంచవలెను గదా, కరెంటు పోయినప్పు డేమిచేయుదురని యడుగుడు. సమాధానమునకంటె నా ప్రశ్న విని వారు సంతోషింతురో కోపింతురో యది మీకెక్కువ చెప్పును. కుక్కపిల్లకు టీకాను పదునారు వారములు నిండువరకు మరల మరల నేల వేయవలయునో, తల్లివలన వచ్చిన రక్షణ తొలిటీకాల నెట్లు వ్యర్థము చేయునో విడమరచి చెప్పు వైద్యుడు, అంగడివానివలె మూడు సూదుల వెల చెప్పి యూరకుండు వైద్యునికంటె మేలు. భారత పశువైద్య మండలి చట్టము 1984లో వచ్చినది. పట్టము పొంది రిజిష్టరులో బేరు చేర్చుకొన్నవారే చికిత్స చేయవలెనని దాని యుద్దేశము. ఆ నమోదు సంఖ్య యడుగుట యవమానము కాదు.

ఇదంతయు దెలిసికొనుట కష్టము కాదు. కష్టమంతయు మనలోనే యున్నది. వైద్యుడు మనతో మంచిగా మాటాడినచో మంచి వైద్యుడనుకొందుము. "మీ కుక్క మితిమీరి బలిసినది, మీరు పెట్టు నేతియన్నమే కారణము" అని యొకడనగానే మనకు గిట్టడు, మరునెల వేరొకనియొద్దకు బోవుదుము. సూది వేయనిదే చికిత్స కాదని మనకు నమ్మకము. ఈ నమ్మకమును గ్రామమున రైతుకును నగరమున ఉద్యోగికిని సమానముగ బంచియిచ్చిన దెవ్వరో గాని, వైద్యుడు "దీనికి మందక్కరలేదు, రెండుదినములు కనిపెట్టుడు" అనిన దినమున మనము రుసుము నిచ్చుటకు వెనుదీయుదుము. అనగా నిజము చెప్పిన వానిని దండించి, అక్కరలేని సూది వేసిన వానిని సన్మానించుచున్నారము. ఇట్టి బేరములో వైద్యుడు చెడిపోయినచో నా చెడుగులో మన పాలెంత?

పశువు నోరులేనిది గనుక దీని ఫలమక్కడనే యణగిపోవుననుకొనుట పొరపాటు. పొదుగువాపు వచ్చిన గేదెకు సూక్ష్మజీవినాశకమైన మందు వేసినప్పుడు, ఆ మందునుబట్టి కొన్ని దినములపాటు పాలను బారబోయవలయును. ఆ మాట చెప్పని వైద్యుడును, చెప్పినను వినక పాలను కేంద్రమునకు బోయు యజమానుడును గలిసి యెవరో యెరుగని బిడ్డకు మందు త్రాగించుచున్నారు. ఇంతకంటె విచిత్రమైనది రాబందుల కథ. 1990 తరువాతి సంవత్సరములలో మన దేశమున రాబందులు కుప్పలుగ రాలిపోయినవి. తెల్లవీపు రాబందులు నూటికి తొంబదియైదుకంటె నెక్కువ నశించినవి. పశువులకు నొప్పి తగ్గుటకై వేసిన డైక్లోఫెనాక్ అను మందు, చచ్చిన పశువు కళేబరమునుండి వానికి జేరి మూత్రపిండముల జెరచుటయే కారణమని 2004 నాటికి దేలినది. 2006లో పశువుల కా మందు నిషేధింపబడినది. దాని బదులు వాడదగిన మెలాక్సికామ్ అప్పటికే యున్నది. అయినను మనుష్యుల కొరకైన పెద్దసీసాలు పశువులకు వాడబడుచునే యుండుటచే, 2015లో ఒక్క మోతాదుకు మించిన సీసాలను గూడ నిలుపవలసి వచ్చినది. రైతు చేసినది యెద్దునొప్పి తగ్గింపవలెనను దయాకార్యమే. ఆ దయకు ఆకాశమున నెగురు పక్షి వెల యిచ్చుకొన్నది. కాబట్టి "ఈ మందువలన మా పశువు లేచినదా?" యను నొక్కప్రశ్నతో వైద్యశాలకు మార్కులు వేయుట చాలదు.

ఇంటివైద్యమును గూర్చియు నొకమాట. మనకు మంచిది దానికిని మంచిదే యను భ్రమచే మనము జ్వరమునకు మ్రింగు పారసిటమాల్ బిళ్లను పిల్లికి బెట్టువారు గలరు. అది పిల్లికి విషము. కుంటు పశువునకు గాల్చిన యినుముతో వాతలు పెట్టుట నేటికిని గొన్నిపల్లెలలో బోలేదు. వాతనొప్పిచే బశువు పాతనొప్పిని మరచినదా, లేక కాలముచేతనే మానినదా యని విచారించువారు లేరు. పెద్దలనాటి యాచారమంతయు వ్యర్థమని మే మనము. కాని యాచారమునకును సాక్ష్యమడుగు హక్కు ఆ పశువు తరపున మనకున్నది.

ఇక, ఎన్నుకొనుటకే వీలులేనివారి మాటయేమి? పల్లెలో గొప్పవైద్యశాల, చిన్నవైద్యశాల యను విచారము లేదు. ఉన్నది యొక్కటే, దానికిని దాళము వేసియుండవచ్చును. గర్భధారణసూదులు వేయు గోపాలమిత్రుడే యచ్చట సమస్త వైద్యుడు. ఆతనిని దూషించుట మాకిష్టము లేదు. తన పరిమితిని దా నెరిగి "ఇది నా చేతిలోని పని కాదు, వైద్యుని బిలువుడు" అనగల గోపాలమిత్రుడు, తెలియని శస్త్రచికిత్సకు దెగించు పట్టభద్రునికంటె నెక్కువ గౌరవార్హుడు. 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో సంచార పశువైద్యశకటము వచ్చు నేర్పాటు తెలుగు రాష్ట్రములలో నున్నదని యింటింట దెలియవలయును. గాలికుంటు వ్యాధికి టీకాలు వేయు జాతీయ కార్యక్రమము 2019లో మొదలిడినది. యజమానునకు వ్యయము లేదు. ఐనను సూది వేసినచో రెండుదినములు పాలు తగ్గునను భయముచే గొడ్లను దాచువారు గలరు. ఒక్కయింటి గొడ్డు దాగినచో నూరిమందకంతటికి ముప్పు. వైద్యుని పరీక్షించుటకు వచ్చినవారు ముందుగ దమ్ము బరీక్షించుకొనవలసిన చోటిది.

సొమ్ము విషయము దాచుటవలన లాభము లేదు. కూలివాని గేదెకు బ్రాణము మీదికి వచ్చినచో నది యాతని యింటి యన్నము; ఉద్యోగి కుక్కకు వచ్చినచో నది యాతని యింటి ప్రేమ. రెండింటిని నొకే త్రాసులో దూచుట న్యాయము కాదు. అయినను రెండిండ్లవారును నిర్భయముగా నడుగదగిన ప్రశ్న యొకటి కలదు: "ఈ పరీక్ష చేసినచో దానివలన చికిత్స మారునా?" మారదని తెలిసియు రక్తపరీక్షలు, ఎక్సురేలు వరుసగా వ్రాయు వైద్యశాలకు మన దుఃఖము పంటపొలమై యున్నదన్నమాట. వ్యయము నిదివరకే యంచనావేసి, ఇంతకంటె జవుకైన మార్గమిది, దానిలో లోపమిది యని చెప్పువారియొద్ద బీదవానికిని దలయెత్తుకొని నిలుచు వీలున్నది.

అన్నిటికంటె గఠినమైనది చావు. 1928లో సబర్మతీ యాశ్రమమున మానరాని బాధతో గిలగిలలాడుచున్న దూడకు గాంధీమహాత్ముడు వైద్యునిచే సూది వేయించి ప్రాణము దీయించెను. దేశమున గొప్ప గగ్గోలు పుట్టినది. ఆయన దాచుకొనలేదు; తన పత్రికలోనే వ్రాసి నిందల నెదుర్కొనెను. ఆ నాటి వాదము నేటికిని దీరలేదు, తీరవలెనని మేము పట్టుబట్టము. కాని వైద్యశాలను దెలిసికొనుట కంతకు మించిన సమయము లేదు. బ్రదుకదని తెలిసియు రోజుకింత యని రుసుము గొని సీసాలెక్కించువా డొకడు. ఇల్లు మారుచున్నామనియో, ముసలిదై పోయినదనియో సుఖముగ నున్న కుక్కను దెచ్చి "దీనిని ముగింపుడు" అనగానే చేయి చాచువాడు మరియొకడు. వీరిద్దరును యజమాని కోరిన పనినే చేయుచున్నారు! మొదటిచోట "ఇక చాలును" అనియు, రెండవచోట "నేను చేయను" అనియు మన మొగముమీద జెప్పగల వైద్యుడే మేము వెదకుచున్నవాడు. రుసుమిచ్చువానిని గాదని రోగి పక్షమున నిలుచువాడు దొరకినప్పుడు, నోరులేనిదానికి నోరు దొరకినది.

చివరకు మన గృహములను గూర్చి యొకమాట అడుగుచున్నాము. పశువును వైద్యశాలకు దీసికొనిపోవున దెవరు? సాధారణముగా సొమ్ము చేతనున్న పురుషుడు. అది యెన్నడు మేత మానినదో, నెమరు వేయుచున్నదో లేదో, పిదుకునప్పు డే చన్ను తాకిన గాలు విసరినదో ఆతడెరుగడు. ఎరిగినది వేకువను జెంబు పట్టుకొని దానిచెంత గూర్చుండు ఇల్లాలు, లేక మేపుకొని వచ్చు పాలేరుకుర్రవాడు. వారు ద్వారముకడనే నిలుచుందురు. వైద్యుడు పురుషుని నడుగును, పురుషుడు తోచినది చెప్పును. రోగి మాటాడలేని చోట సాక్షిని గూడ వెలుపల నిలిపినచో వైద్యుడు దేనినిబట్టి నిదానించును? క్రొత్త వైద్యశాలకు మొదటిసారి పోవు దినమున ఆమెను వెంట దీసికొనిపోవుడు. వైద్యు డామెను లోపలికి బిలిచి యడుగుచున్నాడో లేదో చూడుడు.