ఏ పాపం చేశానో

కారంచేడులో కూలికెళ్లే ఆమెకైనా, చీరాలలో కొట్టు నడిపే ఆమెకైనా మర్మాంగం దగ్గర మానని దురదో, తెల్లమచ్చో కనిపిస్తే ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు, సిగ్గు. దాని వెనకే ‘ఏ పాపం చేశానో’ అన్న ప్రశ్న. ఆ ప్రశ్నే తప్పంటాను. ఇలాంటి లక్షణాల వెనక ఉండే కారణాల్లో ఒకటైన హెచ్‌పీవీ వైరస్ సంసారం చేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. భర్తను తప్ప ఎరగని ఇల్లాలికీ రావచ్చు. ఎక్కువమందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. కొందరిలో నిలిచిపోయి కణాలను క్యాన్సర్ ముందు దశకు తెస్తుంది. పైగా బయటి జననాంగంలో ఈ మార్పు అసలు వైరస్ లేకుండానే, లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి వెంట, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లలో వస్తుంది. అక్కడ ఏ నడతను తప్పుపడతాం?

అంతా కర్మఫలమే కదా అనొచ్చు. కానీ చరకసంహిత ఆయుష్షును దైవం మీదే వదలలేదు, పురుషకారాన్నీ, అంటే మనిషి ప్రయత్నాన్నీ, పక్కన నిలిపింది. హెచ్‌పీవీ రాకుండా టీకా వేస్తే పిల్లలు దారి తప్పుతారన్న భయం మరీ తేలిక. ధనుర్వాతం టీకా వేయించుకున్నామని ఎవరూ మేకు తొక్కబోరు. బరువైన అభ్యంతరం వేరే ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు వేలమందికి ఈ టీకా వేసినప్పుడు, చాలా అంగీకారపత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ టీకా ప్రాజెక్టు ఆగింది. దోషం టీకాది కాదు, అడగకపోవడానిది. ఒంటి గురించి మాట్లాడనివ్వని సిగ్గే ఆ సంతకాలనూ సులువు చేసింది.