పాలపళ్ల వయసు

అమ్మాయీ,

కుక్కపిల్ల చెయ్యి కొరుకుతోందని, పరికిణీ అంచు పట్టుకుని లాగుతోందని బెంగపడుతున్నావట. దానికింకా మూడో నెలే కదమ్మా! ఈ వయసులో కొరకడం దుర్గుణం కాదు. మనం చేత్తో తడిమి చూసేదాన్ని అది నోటితో చూస్తుంది, అంతే.

తల్లి దగ్గర ఎనిమిది వారాలైనా ఉన్న పిల్ల సగం పాఠం అక్కడే నేర్చుకుని వస్తుంది. గట్టిగా కొరికితే తోటి పిల్ల కుయ్యిమని ఆట మానేస్తుంది మరి. మిగతా సగం నువ్వు నేర్పాలి. పళ్లు చేతికి గుచ్చుకోగానే ఆట ఆపెయ్. అరవకు, చెయ్యి విదిలించకు; విదిలిస్తే దానికి ఇంకా హుషారు. లేచి అటు తిరుగు, అర నిమిషం పలకరించకు. తర్వాత నమలడానికి గట్టి రబ్బరు బొమ్మ అందించు. ఇంటిల్లిపాదీ ఇదే పాటించాలి. నువ్వు వద్దంటుంటే మీ తమ్ముడు వేళ్లాడించి ఉసిగొల్పితే, పాపం అది ఎవరి మాట వినాలి?

నాలుగో నెల దాటేసరికి దాని 28 పాలపళ్లు ఊడడం మొదలవుతుంది. ఏడో నెలకల్లా 42 గట్టిపళ్లు వచ్చేస్తాయి. ఈ మధ్యకాలంలో చిగుళ్లు సలుపుతాయి. ఫ్రిజ్‌లో చల్లబడిన క్యారెట్ నీ కళ్లెదుటే నమలనివ్వు. సాయంత్రాలు అదుపు తప్పి కొరుకుతోందంటే చాలాసార్లు నిద్ర చాలకే. రోజుకి 18 గంటలైనా పడుకునే వయసది. చుట్టాలొచ్చారని లేపి చేతులు మార్చకండి.

మూతి మీద కొట్టమని, నోరు నొక్కి పట్టమని ఎవరు చెప్పినా వినకు. దెబ్బలు తిన్న పిల్ల చెయ్యి చాపితేనే బెదురుతుంది. ఆ బెదురుతోనే రేపు నిజంగా కరుస్తుంది. తిండిగిన్నె దగ్గరికి వెళ్తే ఒళ్లు బిగబట్టి గుర్రుమంటోందంటే మాత్రం అది ఆట కాదు, పశువుల డాక్టరుకి చూపించు.

ఇంకొక్క మాట. చిన్న గాటు పడినా "పిల్లే కదా" అని వదిలెయ్యకు. పసుపూ కారం అద్దకుండా, పంపు కింద సబ్బుతో పావుగంట కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా ఉచితమే. కుక్కపిల్లకి మూడు నెలలు నిండగానే దానికీ ఆ టీకా వేయించు.

నాలుగైదు నెలలు ఓపిక పట్టు తల్లీ. ఇప్పుడు నేర్పిన మెత్తదనం దానికి జన్మంతా ఉంటుంది.