ఆ బాణీ ఎవరిది?



పాకాల దగ్గరనున్న మా పల్లె సంఘములో పాటలు నేర్పువారు ఇద్దరుండిరి. ఒకరు హార్మోనియము, ఒకరు తబలా. వారిద్దరు కట్టిన క్రిస్మసు పాటలు చుట్టుపట్ల పల్లెలన్నిటను పాడుకొనిరి. పిమ్మట ఇద్దరికిని చెడెను. ఏ పాట ఎవరిదని సంఘము రెండు పక్షములాయెను. సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము, మేమును కాగితము తీసికొని లెక్క వ్రాసితిమి.

వ్రాయుచుండగా రాజ్-కోటి జ్ఞాపకమునకు వచ్చిరి. సినిమా మాట ఇక్కడ ఏలయని పెద్దలు కోపగింతురేమో, ఓర్చుకొనుడు. చిత్తూరు-తిరుపతి బస్సులలో వారి పాటలు మన చెవిని పడుచునే యుండెను గదా! రాజ్, సంగీత దర్శకుడు టి.వి. రాజు కుమారుడు, కోటి, సాలూరి రాజేశ్వరరావు కుమారుడు. ఇద్దరును చక్రవర్తి యొద్ద పని నేర్చి, 1983లో ‘ప్రళయ గర్జన’తో ఒకే పేరున బయలుదేరిరి. 1994లో ‘హలో బ్రదర్’ పాటలు ఊరూర మ్రోగెను. ఆ పిమ్మట విడిపోయిరి. 1995లో రాజ్ ఒంటరిగా ‘సిసింద్రీ’కి, కోటి ఒంటరిగా మన సీమవాడైన మోహన్‌బాబు నిర్మించిన ‘పెద్దరాయుడు’కు సంగీతము కూర్చిరి.

వెంటనే జనులడిగినది మేమడిగిన ప్రశ్నయే: ఇంతకాలము నిజముగా బాణీ కట్టినదెవరు?

ఒకడు సగము కూనిరాగము తీయగా రెండవవాడు దానిని వేరొక మలుపు త్రిప్పును. ఆ మలుపు విని మొదటివాడు తన సగమునే మార్చుకొనును. ఇట్టిదానిని పొలమువలె గట్టు వేసి పంచుటెట్లు? అయినను ఒకని కష్టము మరియొకని పేరున చెల్లిపోవుట అన్యాయము కాదా అందురు. అన్యాయమే. ఆ మాట చెప్పుకొనవలసినది వారిద్దరు, కూడియున్న దినములలోనే. విడిపోయిన తరువాత వినువారు తీర్చు తగవు కాదది.

మార్కు విషయమై పౌలు బర్నబాలకు తీవ్రమైన వాదము కలిగి, వేరు దారులు పట్టిరి. అపొస్తలుల కార్యముల 15వ అధ్యాయము ఆ కలహమును దాచలేదు. తప్పు ఎవరిదో తేల్చనూ లేదు. అచ్చట మనము తొందరపడి తీర్పు చెప్పుచుందుము.

రాజ్ 2023 మే 21న హైదరాబాదులో కన్నుమూసెను. ఆ వార్త విన్న దినమున మేము పాటల పుస్తకము తెరచితిమి. మా లెక్క కాగితము అందులోనే యున్నది. తబలా వాయించినవారి పేరున ఐదు పాటలు, హార్మోనియము వారి పేరున ఏడు. ఐదవ పాటను ఎన్నిమార్లు కొట్టివేసి వ్రాసితిమో, కాగితము అక్కడ చిరిగియున్నది.