పొగ ఎవరి వాటా?

పాత బండిని ప్రేమించడంలో తప్పేమీ లేదు. ఆ ప్రేమకయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నదే ప్రశ్న.

నాది ఎనభైల నాటి యెజ్డీ. మైసూరులో పుట్టింది, ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. కిక్కు రాడే గేరు రాడు కూడా. ‘డ్యూయల్ స్పోర్ట్’ అనే మాట మన దాకా రాకముందే ఇలాంటి బళ్లు తారురోడ్డునీ, చేనిగట్టునీ చూసేశాయి. తిరుపతి నుంచి భాకరాపేట ఘాటెక్కినా, ఏ మట్టిదారి పట్టినా మొరాయించదు.

కానీ అది టూ స్ట్రోక్. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. అందులో కొంత సరిగ్గా మండకుండానే సైలెన్సర్లోంచి బయటికి పోతుంది. “ఏం నాయనా, దోమలకు పొగ పెడతా ఉండావా?” అంటాడు చంద్రగిరి టీకొట్టాయన. నవ్వుతాం. కానీ సరదా నాది, పొగ ఆయనది. 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం కొండలకూ అందులో వాటా ఉంది.

కొత్త బండి తయారీకి మాత్రం ఇనుమూ కరెంటూ అక్కర్లేదా అంటారు ఫ్రెండ్స్. నిజమే, రోజూ తిరగడానికి ఈ ఒక్క బండే ఉంటే. ఇంట్లో స్కూటర్ ఉండగా సరదాకి ఉంచుకున్నదానికి ఆ వాదన చెల్లదు.

2021 నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటి వింటేజ్‌గా రిజిస్టరైన బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తీయొచ్చు. తిరగని బండి ఇంకేం బండి అని మనసు గొణుగుతుంది. అయినా ‘నాది’ అనే హక్కు పక్కవాడి ముక్కు దాకా పోదు.

అమ్మను. నెలకోసారి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు తీస్తాను. అది న్యాయమని అనను, రాజీ అంటాను.