ఉపకారమా, వేతనమా? అమెరికా కళాశాల క్రీడల్లో చెల్లింపు ప్రశ్న - నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

స్కాలర్‌షిప్‌కు తెలుగులో స్థిరపడిన పేరు 'ఉపకారవేతనం'. ఉపకారం ప్రతిఫలాన్ని ఆశించనిది; వేతనం చేసిన పనికి చెల్లవలసినది. పరస్పరం పొసగని ఈ రెండు భావాలు ఒకే సమాసంలో ఇమిడిపోయాయి. కళాశాల జట్లలో ఆడే విద్యార్థులకు డబ్బు చెల్లించాలా, వద్దా అని అమెరికాలో దశాబ్దాలుగా సాగుతున్న వివాదం ఈ రెండు భావాల నడుమనే నలుగుతున్నది. ఆ వివాదంలోని నైతికాంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక పేరు పుట్టుక

1955లో కొలరాడో రాష్ట్రంలో ఒక కళాశాల ఫుట్‌బాల్ ఆటగాడు ఆటలో తలకు తగిలిన దెబ్బతో మరణించాడు. పనిలో మరణించిన కార్మికుని కుటుంబానికి దక్కే పరిహారాన్ని తనకూ ఇప్పించాలని అతని భార్య కోరింది. కళాశాల ఆ పరిహారానికి బాధ్యత వహించనక్కరలేదని 1957లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తిస్తారేమోనన్న భయంతోనే 'స్టూడెంట్-అథ్లెట్' అనే పదబంధాన్ని రూపొందించామని వాల్టర్ బయర్స్ 1995లో వెలువడిన తన గ్రంథంలో అంగీకరించాడు. కళాశాల క్రీడలను నియంత్రించే జాతీయ సంఘమైన ఎన్.సి.ఎ.ఎ.కు 1951 నుంచి 1987 వరకు అధికారిగా ఉన్నవాడు ఆయనే.

ఈ పదబంధాన్ని తెలుగులో 'విద్యార్థి క్రీడాకారుడు' అంటే అది విశేషణ పూర్వపద కర్మధారయం అవుతుంది. అందులో ప్రాధాన్యం ఉత్తరపదానిది. సంఘం వాదమంతా పూర్వపదం మీద నిలిచింది: అతడు విద్యార్థి, కనుక కార్మికుడు కాడు.

పూర్వపక్షం

చెల్లింపును వ్యతిరేకించేవారి బలమైన వాదం ఆర్థికమైనది కాదు, నైతికమైనది. 'అమెచ్యూర్' అనే మాటకు మూలార్థం ప్రేమించేవాడు. ఆటను ప్రేమించి ఆడేవాడికి డబ్బు చూపితే ఆ ప్రేమ చెడుతుందని వారి భయం. తత్త్వవేత్త అలస్డేర్ మాకింటైర్ 1981లో వెలువరించిన 'ఆఫ్టర్ వర్చ్యూ'లో దీనికి తగిన ఉదాహరణ ఉంది. మిఠాయి కోసం చదరంగం ఆడే పిల్లవాడికి మోసం చేయకుండా ఉండడానికి కారణం కనిపించదు. ఆటలోని సారాన్ని రుచి చూసిన తరువాత మోసం చేస్తే ఓడిపోయేది తానే. రెండవ ఆక్షేపణ పంపిణీకి సంబంధించినది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆదాయమే తక్కిన క్రీడలను పోషిస్తున్నది. దాన్ని ఆటగాళ్లకు పంచితే 1972 నాటి టైటిల్ నైన్ చట్టంతో విస్తరించిన మహిళా క్రీడలు కుంగిపోతాయని అంటారు.

సమాధానం

మాకింటైర్ ఉదాహరణ సత్యమే. అయితే ఆ పిల్లవాడి ఆటకు టిక్కెట్లు అమ్మి లాభపడేవారు అందులో లేరు. పురుషుల బాస్కెట్‌బాల్ జాతీయ పోటీల ప్రసార హక్కులను 2032 వరకు పొడిగించిన ఒప్పందం విలువ 880 కోట్ల డాలర్లు. కొందరు ఫుట్‌బాల్ శిక్షకుల వార్షిక వేతనం కోటి డాలర్లు దాటింది. డబ్బు ఆటను చెరుస్తుందన్న సూత్రం శిక్షకుడికి వర్తించకుండా ఆటగాడికే వర్తిస్తే, అది సూత్రం కాదు, సౌకర్యం.

ఇక ఉపకారం సంగతి. 1973లో సంఘం నాలుగేళ్ల ఉపకారవేతనాన్ని ఏటా పునరుద్ధరించవలసినదిగా మార్చింది. దాంతో ఆట తగ్గిన విద్యార్థికి మరుసటి ఏడు దాన్ని నిరాకరించే అవకాశం శిక్షకుడికి చిక్కింది. పని నచ్చకపోతే ఆగిపోయేది వేతనమే కాని ఉపకారం కాదు. పేరు ఉపకారానిది, నడవడి వేతనానిది.

త్యాగం కూడా త్యాగి ఎంచుకున్నప్పుడే గుణమవుతుంది. ఒకరి తరఫున మరొకరు త్యాగం ప్రకటించి, ఆ ఫలాన్ని తామే అనుభవించడాన్ని త్యాగమనలేము. మహిళా క్రీడల పోషణ నిస్సందేహంగా ధర్మమే. ఆ ధర్మాన్ని నెరవేర్చవలసినది విశ్వవిద్యాలయం. ఆ భారాన్ని కొద్దిమంది ఆటగాళ్ల చెల్లించని శ్రమపై మోపడం న్యాయం కాదు.

మిగిలిన ప్రశ్న

2021 జూన్‌లో ఆల్‌స్టన్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీం కోర్టు, చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై సంఘం విధించిన పరిమితులను ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. మరుసటి నెల నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపాలను వాణిజ్య ప్రకటనలకు ఇచ్చి ఆర్జించే వీలు కలిగింది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన హౌస్ ఒప్పందంతో, విశ్వవిద్యాలయాలే నేరుగా తొలి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు తమ ఆటగాళ్లకు పంచవచ్చు.

అయినా ఆ ఒప్పందం ఆటగాడు ఉద్యోగి అవునో కాదో తేల్చలేదు. ఆదాయంలో వాటా దక్కింది. దెబ్బతిన్న దేహానికి కార్మికుడిగా పరిహారం కోరే హక్కు దక్కలేదు. వాటా పేరున్న ఆటగాళ్లకు ఎక్కువగా చేరుతుంది, దెబ్బ ఎవరికైనా తగులుతుంది. కాబట్టి ఎంత చెల్లించాలన్న లెక్క కన్నా, శ్రమను శ్రమగా గుర్తించడం ముందుగా తీరవలసిన ఋణం. ఆట అమ్ముడైన చోట ఆటగాడికి వేతనం, రక్షణ రెండూ చెల్లాలి. అమ్ముడుకాని చోట ఉపకారం ఉపకారంగానే నిలవాలి. 1955లో భర్తను కోల్పోయిన ఆ స్త్రీ అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ సమాధానం రావలసి ఉంది.