ఆముదం చెట్టు

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నారు పెద్దలు. అన్నవారికేం, అనేసి ఊరుకున్నారు. మాట పడ్డ ఆముదం చెట్టు సంగతి ఎవరాలోచించారు? నేను మర్రిచెట్టునని అది ఏనాడూ చెప్పుకోలేదు. పెరట్లో ఓ మూల తన మానాన తను పెరిగింది. గాలివానకి పెద్ద చెట్లన్నీ కూలిపోతే మనమే పరుగెత్తుకెళ్ళి దాని నీడన నిలబడ్డాం. నిలబడి, "ఏదో గతిలేక" అని పెదవి విరిచాం.

ఈ సామెత మీద నాకు కోపం వచ్చింది వంటింట్లో కాదు, క్రికెట్టు చూస్తూ. నవ్వకండి. బంతి ఎటు తిరుగుతుందో నాకు తెలియదు గానీ, ఆటలో మనుషులు కనిపిస్తే మాత్రం కళ్ళు తిప్పుకోలేను. నవలలు రాసేవాళ్ళకుండే జబ్బది.

2020 డిసెంబరులో మన జట్టు ఆస్ట్రేలియాలో ఉంది. అడిలైడ్‌లో మొదటి టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో అందరూ కలిసి చేసింది 36 పరుగులు. మన టెస్టు చరిత్రలో అంతకన్నా తక్కువ లేదు. ఒక్కరి స్కోరూ రెండంకెలకు చేరలేదు. ఆ పైన కెప్టెన్ కోహ్లీ భార్య పురుడుకని ఇంటికి బయల్దేరాడు. (మగవాళ్ళు చాలామంది విసుక్కున్నారు. నేను మాత్రం మనసులోనే హారతిచ్చాను.) షమీ చెయ్యి విరిగింది. రెండో టెస్టులో ఉమేశ్ యాదవ్ పిక్క పట్టేసింది. సాధన చేస్తూ రాహుల్ మణికట్టు బెణికించుకున్నాడు. మూడో టెస్టులో జడేజా బొటనవేలు, విహారి తొడ కండరం, బుమ్రా పొట్ట కండరం, అశ్విన్ నడుము! ఇషాంత్ శర్మ అయితే గాయంతో అసలు విమానమే ఎక్కలేదు. నాలుగు టెస్టులకీ కలిపి మనవాళ్ళు ఇరవై మందిని ఆడించాల్సి వచ్చింది. మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు కూచున్నాక వంటవాళ్ళందరికీ ఒక్కసారే జ్వరాలొస్తే ఎలా ఉంటుందో అలా ఉంది వ్యవహారం.

చివరి టెస్టు 2021 జనవరి 15న బ్రిస్బేన్‌లో మొదలైంది. ఆ మైదానంలో ఆస్ట్రేలియా 1988 తరువాత ఒక్క టెస్టూ ఓడలేదు. మనవైపు బంతి వేయడానికి మిగిలిన అయిదుగురి అనుభవమూ కలిపి కూడితే నాలుగు టెస్టులు. అందులో ఒకటి శార్దూల్ ఠాకూర్‌ది. 2018లో మన ఉప్పల్‌లోనే పది బంతులు వేసి, గాయపడి వెళ్ళిపోయాడే, ఆ టెస్టు! నవదీప్ సైనీది ఒకటి. వాషింగ్టన్ సుందర్, నటరాజన్‌లకు అదే మొదటిది. రెండు టెస్టులాడిన మన హైదరాబాదు కుర్రాడు సిరాజ్ ఆ గుంపుకి పెద్దదిక్కు.

సిరాజ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. తండ్రి ఆటో నడిపి పెంచాడు. 2020 నవంబరులో కొడుకు ఆస్ట్రేలియాలో క్వారంటైన్‌లో ఉండగా ఆయన ఇక్కడ కన్నుమూశాడు. వెళ్తే వెళ్ళమన్నారు బోర్డువాళ్ళు. వెళ్ళలేదు. అక్కడే ఉండి నాన్న కోరిక తీర్చమంది తల్లి. నేను ఆ తల్లి గురించే ఎక్కువ ఆలోచించాను. భర్త పోయి ఇంటినిండా చుట్టాలున్నప్పుడు, కొడుకుని రావద్దని ఫోనులో చెప్పడం మాటలా? అప్పటికి ఆ కొడుకు టెస్టు ఆడతాడన్న హామీ ఏదీ లేదు. బుమ్రా, షమీ, ఉమేశ్ ముగ్గురూ బాగానే ఉన్నారు. ఆవిడ కొడుకుని ఉండమన్నది మైదానంలో కాదు, మైదానం బయట బెంచీ మీద. షమీ చెయ్యి విరిగాకే మెల్‌బోర్న్‌లో అతనికి చోటు దొరికింది.

ఇక నటరాజన్. సేలం జిల్లాలో చిన్నప్పంపట్టి అనే పల్లెటూరు. తల్లి రోడ్డు పక్కన బండి పెట్టుకుని కోడిమాంసం వంటకాలు అమ్మేది. ఐపీఎల్ కోసం దుబాయి వైపు వెళ్ళినవాడు, ఇక్కడ కూతురు పుట్టినా చూడ్డానికి రాకుండా అటునుంచి అటే ఆస్ట్రేలియా వెళ్ళాడు. వెళ్ళింది ఆడటానికి కాదు, నెట్ బౌలర్‌గా. అంటే పెద్ద బ్యాట్స్‌మన్లు సాధన చేసుకోడానికి బంతులు వేసిపెట్టే ఉద్యోగం. మ్యాచ్ రోజున అతనితో ఎవరికీ పనిలేదు. వరుణ్ చక్రవర్తి భుజం నొప్పి వల్ల ఇతన్ని టి20 జట్టులోకి తీసుకున్నారు. సైనీ నడుం నొప్పి వల్ల వన్డే జట్టులోకి తీసుకున్నారు. ఉమేశ్ పిక్క వల్ల టెస్టు బృందంలోకి వచ్చాడు. బుమ్రా కడుపునొప్పి వల్ల బ్రిస్బేన్‌లో బంతి చేతికొచ్చింది. లెక్క చూడండి. నాలుగు మెట్లు, ఒక్కో మెట్టూ ఒక్కో మనిషి నొప్పి.

ఇక్కడే నాకు చిక్కొచ్చింది. ఒకరి ఇల్లు కాలుతుంటే ఇంకొకరు చుట్ట ముట్టించుకున్నట్టు కాదా ఇది? ఆ కుర్రాడు ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయి ఉంటాడా? పోవచ్చునా?

మా వీధిలో ఒకమ్మాయి ఉండేది. బడిలో పర్మనెంట్ టీచరు కాన్పుకి వెళ్తే లీవ్ వేకెన్సీలో చేరింది. మూడు నెలల ఉద్యోగం. పిల్లలకి ఈ అమ్మాయి చెప్పే లెక్కలే నచ్చాయి. ఓ సాయంత్రం నా దగ్గర కూచుని, "అక్కా, ఆవిడ సెలవు పొడిగిస్తే బావుండునని పొద్దున్నే దణ్ణం పెట్టుకున్నాను. పెట్టుకున్నాక భయమేసింది. సెలవు పొడిగించాలంటే ఆవిడకో, ఆ పసిగుడ్డుకో ఏదో ఒకటి బాగుండకూడదు కదా!" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది పాపం. నేనేమన్నానంటే, ఆ దణ్ణంలో పాపం నీది కాదమ్మాయ్, అన్నాను. ఒకరు మంచాన పడితే తప్ప నీకు లెక్కలొచ్చని చూడని వాళ్ళది. నువ్వు కోరుకున్నది నల్లబల్లనీ సుద్దముక్కనీ. అవి ఇంకొకరి మంచం దాటుకుంటేనే దొరుకుతాయన్న ఏర్పాటు నువ్వు చేసింది కాదు.

ఇప్పటికీ నా అభిప్రాయం అదే. నటరాజన్ ఎవరి పిక్కనీ పట్టి లాగలేదు. సంతోషపడటానికి అతనికి అన్ని హక్కులూ ఉన్నాయి. తెల్లారి లేచి గాయపడ్డవాళ్ళని తలుచుకుంటే చాలు.

కాని మనవాళ్ళ పొగడ్తలే నాకు మింగుడుపడలేదు. బ్రిస్బేన్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో ఠాకూర్, సుందర్, నటరాజన్ తలా మూడు వికెట్లు తీశారు. మనవాళ్ళు 186కి ఆరు వికెట్లు పోగొట్టుకున్న వేళ ఠాకూర్, సుందర్‌లే నిలబడి 123 పరుగులు జోడించారు. రెండో ఇన్నింగ్స్‌లో సిరాజ్ అయిదుగురిని ఔట్ చేశాడు. పుజారా ఒళ్ళంతా దెబ్బలు తింటూ 211 బంతులు కాచుకున్నాడు. ఇరవయ్యొకటేళ్ళ గిల్ 91, పంత్ 89. మూడు వికెట్ల తేడాతో గెలిచాం, సిరీసూ మనదే. దేశమంతా "కొత్తవాళ్ళ మీద ఎంత నమ్మకం ఉంచారో!" అంది.

నమ్మకమా? గత్యంతరం లేకపోవడాన్ని నమ్మకం అంటారని నాకు తెలియదు. అత్తగారు కాలు జారి పడి తుంటి విరిగేదాకా స్టోరుగది తాళంచెవి కోడలి చేతికి రాదు. వచ్చాక ఆ నెల పద్దు సరిగ్గా కుదిరితే, "నేనిచ్చానమ్మా దానికి బాధ్యత" అంటారావిడ ఆసుపత్రి మంచం మీంచి. మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు విన్నాం ఈ మాట!

అలా కాకుండానూ చెయ్యొచ్చు. మన సురభి నాటక సమాజాల వాళ్ళున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటకాలు. అక్కడ పిల్లలు పుట్టి పెరిగేదే రంగస్థలం మీద. పెద్దవాళ్ళు గదా కిరీటం పెట్టుకుని నిక్షేపంగా తిరుగుతుండగానే, పక్కన చిన్నవాడికో వేషం ఉంటుంది. ఎవరికీ జ్వరం రానక్కర్లేదు.

క్రికెట్టులోనూ ఆ పని కొంత జరిగిందనే చెప్పాలి. రాహుల్ ద్రావిడ్ అండర్-19 పిల్లలకీ, ఇండియా-ఎ జట్టుకీ ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చాడు. బ్రిస్బేన్ తరువాత అందరూ ఆయన్ని పొగిడితే, అనవసరంగా నాకు పేరు కట్టబెడుతున్నారు, అంతా ఆ కుర్రాళ్ళదేనన్నాడు. అంటే ఆ పిల్లలు ఆకాశంలోంచి ఊడిపడలేదు. చూసే దిక్కులేని మైదానాల్లో తయారై కూచున్నారు. ఎదురుచూశారు అని కూడా అననేమో. ఎదురుచూడ్డానికి ఏదో వస్తుందన్న ఆశ ఉండాలి కదా. నెట్ బౌలర్‌కి అదేం ఉంటుంది?

నన్ను నిజంగా పట్టుకున్నది ఇదే. ఆ నలుగురిలో ఒక్కరికి నొప్పి రాకపోయినా నటరాజన్ ఏమయ్యేవాడు? రెండున్నర నెలలు బంతులు వేసిపెట్టి, సూట్‌కేసు సర్దుకుని, కూతుర్ని చూసుకోడానికి ఊరికి వెళ్ళేవాడు. అదే చెయ్యి, అదే యార్కర్, అదే చెమట. మనకి పేరైనా తెలిసేది కాదు. అప్పుడు ఆ విద్య విలువ తగ్గినట్టా? వీణ నేర్చుకుని పెళ్ళిచూపుల తరువాత వాయించని వాళ్ళు, బి.ఎ. ఫస్టుక్లాసు పట్టా బీరువాలో చీరల కింద పెట్టుకున్న వాళ్ళు ఇది చదువుతున్న మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. మీకెవరి గాయమూ కలిసిరాలేదు, అంతే. కలిసిరానందుకు దేవుడికి దణ్ణం పెట్టుకునే మంచివాళ్ళు కూడా మీలోనే ఉన్నారు.

అమెరికావాళ్ళకి బేస్‌బాల్‌లో ఇలాంటి కథ ఒకటుంది. 1925 జూన్ 2న న్యూయార్క్ యాంకీస్ జట్టు వరస ఓటముల్లో ఉండగా వాలీ పిప్ అనే సీనియర్ని పక్కన కూచోబెట్టి లూ గెరిగ్ అనే కుర్రాడిని ఆడించారు. పిప్‌కి ఆ రోజు తలనొప్పి అని చెప్పుకుంటారు, అది తరువాత అల్లిన మాటేనని కొట్టేసేవాళ్ళూ ఉన్నారు. ఏమైతేనేం, గెరిగ్ ఆ చోటు వదల్లేదు. వరసగా 2130 మ్యాచ్‌లాడాడు. దీన్నుంచి అక్కడివాళ్ళు తీసిన నీతి: ఒక్కరోజు కూడా సెలవు పెట్టకు! ఈ నీతి నాకు గిట్టదు. నూటరెండు జ్వరంతో పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్ళకి ఇది ఎవరూ నేర్పకుండానే వచ్చు. ఆ కథలో నాకు నచ్చింది చివరి భాగం. 1939 మే 2న గెరిగ్ తనంతట తనే మేనేజర్ దగ్గరికి వెళ్ళి, నన్ను ఈ రోజు ఆడించవద్దన్నాడు. అప్పటికే ఒంట్లో నయంకాని నరాల జబ్బు. ఇంకా దాని పేరు కూడా అతనికి తెలియదు. చోటు వదిలిపెట్టాడు, వేరొకరికి వెళ్ళింది.

అలా చోటు వదలవలసి వచ్చిన మన కాకినాడ కుర్రాడి మాట చెప్పకపోతే ఈ రాత సగమే అవుతుంది. సిడ్నీ టెస్టు చివరి రోజున హనుమ విహారి తొడ కండరం పట్టేసింది. పరుగు తీయలేడు. అటు అశ్విన్ నడుం వంచలేడు. ఇద్దరూ కుంటుతూ మధ్యాహ్నమంతా నిలబడ్డారు. విహారి 161 బంతులాడి చేసింది 23 పరుగులు. టెస్టు డ్రా అయింది. క్రికెట్‌ని చంపేశాడని ఒక కేంద్రమంత్రి ట్విట్టర్లో రాశాడు, పేరేమో "బిహారి" అని తప్పుగా! విహారి కోప్పడలేదు. తన పేరు సరిగ్గా రాసి చూపించి ఊరుకున్నాడు. ఆ డ్రాయే లేకపోతే బ్రిస్బేన్‌లో సిరీస్ గెలవడమన్న మాటే ఉండేది కాదు. బ్రిస్బేన్‌లో మాత్రం అతను ఆడలేదు. గెలిచాక కెప్టెన్ రహానే కప్పుని తీసుకెళ్ళి నటరాజన్ చేతికిచ్చాడు. మంచిపని చేశాడు, చూసి నాకు కడుపు నిండింది. ఆ ఫొటోలో విహారి కోసం వెతికాను. ఎందుకుంటాడు?

మళ్ళీ టెస్టు ఆడటానికి అతనికి దాదాపు ఏడాది పట్టింది. నటరాజన్‌కి 2021 ఏప్రిల్‌లో మోకాలికి శస్త్రచికిత్స జరిగింది, అతని చోటూ వేరేవాళ్ళకి వెళ్ళింది. ఇక 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో ఆంధ్ర జట్టు రంజీ క్వార్టర్ ఫైనల్. బంతి తగిలి విహారి ఎడమ మణికట్టు విరిగింది. తొమ్మిది వికెట్లు పడ్డాక, కుడిచేతివాటం మనిషి కట్టు కట్టుకుని వచ్చి ఎడమచేతివాటంగా నిలబడి, దాదాపు ఒంటిచేత్తో బ్యాట్ పట్టుకున్నాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ అలాగే వచ్చాడు. ఆంధ్ర ఆ మ్యాచ్ ఓడిపోయింది.