లాఠీ ఉన్న చేతికి కానుక



దానం మంచిదని ఈ శీర్షికలో మీకు మళ్ళీ చెప్పనక్కరలేదు. ఆకలిగొన్న వానికి అన్నం పెడితే, చదువుకునే పిల్లవానికి ఫీజు కడితే ఎవరూ తప్పుపట్టరు. అయితే పుచ్చుకునే చేతిలో లాఠీ ఉన్నప్పుడు కూడా ఆ దానం అదే దానంగా నిలుస్తుందా? ఈ వారం మీతో కలిసి ఆలోచించదలచిన ప్రశ్న ఇది.

ప్రశ్న ఊరకే పుట్టలేదు. మన విచారణల నుండి అమెరికా వెళ్ళి స్థిరపడిన పిల్లలు ఇప్పుడు అనేకులు. అక్కడి నగరాలలో 'పోలీసు ఫౌండేషన్' అనే లాభాపేక్ష లేని సంస్థలు ఉన్నాయి. అవి పౌరుల నుండి, కంపెనీల నుండి విరాళాలు పోగుచేసి స్థానిక పోలీసుశాఖకు కావలసినవి సమకూరుస్తాయి. అట్లాంటాలో ఉంటున్న తమ కుమారుడు ఇటువంటి విరాళం ఇవ్వవచ్చునా అని అడిగాడని ఒక తల్లిదండ్రులు నా వద్దకు వచ్చారు. "ఫాదర్ గారూ, లంచం పాపమని మీరే చెబుతారు. ఇది రసీదు ఇచ్చే లంచం కాదు గదా?" అన్నది ఆ తల్లి సందేహం. చాలా మంచి సందేహం. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పిన మా గురువులు ఉంటే ఆమెకు పూర్తి మార్కులు వేసేవారు.

ముందు చరిత్ర కొంచెం చూద్దాం. అమెరికాలో ఈ సంస్థలకు తొలి నమూనా 1971లో న్యూయార్కు నగరంలో ఏర్పడింది. ఆ రోజులలోనే నగర పోలీసులలో పాతుకుపోయిన లంచగొండితనం మీద నాప్ సంఘం విచారణ జరుపుతోంది. మేయరు 1970లో నియమించిన ఆ సంఘం 1972లో తన నివేదిక ఇచ్చింది. అందులో లంచాలు తీసుకునే పోలీసులను రెండు జాతులుగా విడదీశారు. వెంటపడి వేటాడి వసూలు చేసేవారు మాంసాహారులు. దారిలో ఎదురైన చిన్న చిన్న కానుకలు, ఉచిత భోజనాలు, పది ఇరవై డాలర్లు కాదనకుండా పుచ్చుకునేవారు గడ్డి మేసేవారు. అసలు ప్రమాదం ఈ గడ్డి మేసేవారితోనే అని సంఘం అభిప్రాయపడింది. వారి సంఖ్య ఎక్కువ కనుక, తప్పును మర్యాదగా మార్చేది వారే.

అటువంటి నగరంలో దుకాణదారు నేరుగా స్టేషనుకు ఇవ్వకుండా, మధ్యలో ఒక సంస్థ ఉండి, రసీదు ఇచ్చి, లెక్కలు వ్రాసి, మొత్తం శాఖకు ఇవ్వడం ఒక మేలైన ఏర్పాటే. దీనిని మనం న్యాయంగా ఒప్పుకోవాలి. చేతికి చేతికి మధ్య ఒక బల్ల, బల్లమీద ఒక పద్దుపుస్తకం వచ్చాయి. ఆ ఫౌండేషను డబ్బుతో గుర్రపు దళానికి గుర్రాలు వచ్చాయి, నేరస్థుల ఆచూకీ చెప్పినవారికి బహుమతులు ఇచ్చారు. 2001 దాడుల తరువాత విదేశీ నగరాలలో న్యూయార్కు డిటెక్టివులను ఉంచే ఖర్చులో కూడా దాని సాయం ఉంది. ఇతర నగరాల ఫౌండేషన్లు తూటా దూరని కవచాలు కొన్నాయి. అట్లాంటా ఫౌండేషను 2003లో మొదలైంది. అది దారితప్పే యువకుల కోసం కేంద్రాలు నడుపుతోంది. ఇవన్నీ చూసి, అంతా కపటమే అనేవారితో నేను ఏకీభవించను.

అయినా ఆ తల్లి సందేహం తీరలేదు. ఎందుకంటే దానానికీ బాకీకీ ఉన్న తేడాను మనం ఇంకా ముట్టుకోలేదు.

న్యాయం అంటే ఎవరికి చెల్లవలసినది వారికి చెల్లించడం అని పునీత తోమాసు అక్వినాసు బోధ. దానం ఆ లెక్క ముగిసిన తరువాత మొదలవుతుంది. మనమే పంపగా గస్తీకి పోయే పోలీసుకు కవచం ఇవ్వడం నగరం బాకీ. అది విరాళాల కోసం ఎదురుచూస్తున్నదంటే బాకీపడినవాడు చెల్లించలేదని అర్థం. పనివానికి కూలి ఎగ్గొట్టి, పండుగనాడు వానికి పాత చొక్కా దానం చేసే ఆసామి మనకు కొత్తవాడు కాడు. అలాగని "నగరమే ఇవ్వాలి, నేను ఇవ్వను" అని కూర్చుంటే ఈ రాత్రి తూటా తగిలే పోలీసు ఆ వాదన విని లేచి రాడు. కనుక కవచం విషయంలో నా తీర్పు ఇది: ఇవ్వండి, ఇచ్చిన మరునాడే మీ నగర సభ్యునికి ఉత్తరం వ్రాయండి.

విధినిర్వహణలో మరణించిన పోలీసు బిడ్డల చదువుకు ఇచ్చేదానికి ఆ ఉత్తరం కూడా అక్కరలేదు. అది అచ్చమైన కనికరం. అక్కడ ఆగి ఆలోచించేవాడు కేవలం లోభి.

చిక్కు వచ్చేది అధికారపు పనిముట్ల దగ్గర. బాల్టిమోరు నగరంలో 2016లో ఏమి జరిగిందో చూడండి. నగరం మీద విమానం తిరుగుతూ వీధులలో జనం కదలికలను గంటల తరబడి చిత్రాలు తీసింది. ఖర్చు భరించింది టెక్సాసుకు చెందిన ఒక ధనిక దంపతులు. డబ్బు ఒక ధార్మిక నిధి ద్వారా వచ్చింది కనుక నగర మండలి ముందుకు బడ్జెటుగా రాలేదు. ఆగస్టులో ఒక పత్రిక బయటపెట్టేదాకా జనానికి తమ నెత్తిన విమానం ఉన్నదని తెలియదు. 2020లో అదే పథకాన్ని ఈసారి బహిరంగంగానే మళ్ళీ నడిపారు. అది రాజ్యాంగం ఇచ్చిన రక్షణకు విరుద్ధమని 2021లో అప్పీలు న్యాయస్థానం చెప్పింది. ఆ దంపతులది దురుద్దేశమని నేను అనను. హత్యలు తగ్గాలనే వారు కోరుకొని ఉంటారు. కాని ఒక ఊరి ప్రజలు తమను ఎవరు, ఎంతవరకు కనిపెట్టి చూడవచ్చునో తామే నిర్ణయించుకోవలసిన చోట, వేరే ఊరి సంపన్నుని జేబు నిర్ణయించింది. పన్నుల డబ్బు అడగాలంటే సభలో అడగాలి, కాదన్నవారికి జవాబు చెప్పాలి. కానుకకు ఆ బాధ లేదు. కానుకలోని తియ్యదనమూ అదే, విషమూ అదే.

"ధనవంతులు పన్ను కూడా కడతారు గదా, ఆ డబ్బుతో పోలీసులు నడిస్తే లేని దోషం విరాళంలో ఎక్కడిది?" అని మీరు అడగవచ్చు. పన్నుకు పేరు ఉండదు. ఖజానాలో పడిన రూపాయి బ్యాంకు యజమానిదో, ఉప్పు పొట్లం కొన్న కూలివానిదో ఎవరూ గుర్తుపట్టలేరు. కానుకకు పేరు ఉంటుంది. న్యూయార్కు ఫౌండేషనుకు ఒక పెద్ద బ్యాంకు 46 లక్షల డాలర్ల విలువైన సాయం చేసింది. అందులో గస్తీ కార్లకు 1000 కంప్యూటర్లు ఉన్నాయి. 2011 సెప్టెంబరులో ఆ నగరంలోనే బ్యాంకుల మీద కోపంతో జనం వాల్ స్ట్రీటు దగ్గర బైఠాయించారు. అక్టోబరు 1న బ్రూక్లిన్ వంతెన మీద 700 మందికి పైగా అరెస్టయ్యారు. కానుకకూ అరెస్టులకూ సంబంధం ఉందని రుజువు లేదు, ఉందని నేను చెప్పడమూ లేదు. కాని అరెస్టయినవాడు సంబంధం ఉందనుకుంటే, లేదని అతనిని నమ్మించడం ఎట్లా? పోలీసు నిష్పక్షపాతంగా ఉంటే చాలదు. అట్లా ఉన్నాడని అతని ఎదుట నిలబడిన బీదవాడు నమ్మగలగాలి. ఉప్పు తిన్న ఇంటిని మరవకూడదని మన పెద్దలు నేర్పినది మంచి గుణమే. అయితే న్యాయం చూడవలసినవాడు ఎవరి ఉప్పు తినాలి అన్నదే ఇక్కడి సంగతి.

ఈ విషయంలో మన దేవాలయాలు కూడా ఏమంత వెనుకబడి లేవు. ఫ్యాను మూడు రెక్కల మీద దాత పేరు, అతని తండ్రి పేరు, ఊరి పేరు వ్రాయించి, గాలి ఆడేటప్పుడు ఏదీ చదవడానికి వీలులేకుండా చేసుకున్నవాళ్ళం మనం. మైకు ఇచ్చినాయన ముందు వరుసలో కూర్చుంటే ప్రసంగంలో ఏ మాట మింగాలో తెలియక ఇబ్బందిపడే గురువులూ ఉంటారు. కాని గురువు ఎవరినీ లాకప్పులో వేయలేడు. పోలీసు వేయగలడు. పక్షపాతం ఎక్కడైనా దోషమే గాని, బలప్రయోగం చేసే హక్కు ఉన్నచోట అది ఒక మనిషి ఎముకల మీద పడుతుంది.

లూకా సువార్తలో కఫర్నాము శతాధిపతిని గుర్తు చేసుకోండి. అక్కడ ఇచ్చినవాడే ఆయుధం గలవాడు. యూదులకు ప్రార్థనా మందిరం కట్టించాడు. అతని సేవకుడు జబ్బుపడితే పెద్దలు వెళ్ళి ప్రభువుతో అతని యోగ్యతను చెప్పారు, మందిరం సంగతి ఎత్తారు. శతాధిపతి మాత్రం ఆ ఊసే ఎత్తలేదు సరికదా, తాను యోగ్యుడను కానని కబురు పంపాడు. చుట్టూ ఉన్నవారు అతని కానుకను లెక్కలో వేసుకున్నారు, అతడు వేసుకోలేదు. మన చిక్కంతా ఆ పెద్దలలో ఉన్నది. దాత ఎంత నిర్మలుడైనా, పుచ్చుకున్నవారు లెక్క కడతారు.

అయితే గుప్తదానమే మార్గమా? కొండమీది ప్రసంగంలో ప్రభువు నేర్పిన పద్ధతి అది. ఎవరు ఇచ్చారో స్టేషనుకు తెలియకపోతే మొహమాటం పుట్టదు. కాని బాల్టిమోరులో జరిగినది కూడా గుప్తదానమే! ఇక్కడే నాకూ తెగని ముడి ఒకటి ఉన్నది. దాత పేరు బయటపెడితే పోలీసుకు తెలుస్తుంది. దాచితే ప్రజలకు తెలియదు. అమెరికా చట్టం ప్రకారం ఇటువంటి సంస్థలు తమ ఆదాయ వ్యయాల పత్రం బహిరంగపరచాలి గాని, దాతల పేర్లు ప్రజలకు చెప్పనక్కరలేదు. అందుచేత పోలీసులకు వస్తువులు అమ్ముకునే కంపెనీ, అదే పోలీసుల ఫౌండేషనుకు విరాళం ఇచ్చినా బయటివానికి తెలియకపోవచ్చు. రెండు కీడులలో ఒకటి ఎంచుకోమంటే, నేను పేర్లు చెప్పడమే మేలంటాను. దాచిన మొహమాటం కంటె కనబడే మొహమాటాన్ని నిలదీయడం తేలిక. కాని పేరు పద్దుపుస్తకంలో ఉండాలి, జీపు తలుపు మీద కాదు.

అట్లాంటాలో ఈ ప్రశ్న పుస్తకాలలో ఆగలేదు. ఫౌండేషను తలపెట్టిన పోలీసు, అగ్నిమాపక శిక్షణ కేంద్రానికి నగరం 2021లో 85 ఎకరాల స్థలం ఇచ్చింది. 9 కోట్ల డాలర్ల అంచనాలో ఎక్కువ భాగం విరాళాలతో వస్తుందనీ, నగరం 3 కోట్లు ఇస్తే చాలుననీ మొదట చెప్పారు. 2023 జనవరిలో అక్కడి అడవిలో ఒక యువ నిరసనకారుడు పోలీసు కాల్పులలో చనిపోయాడు. ఒక రాష్ట్ర పోలీసు గాయపడ్డాడు. ఆ జూనులో నగర మండలి 3 కోట్ల 10 లక్షలు మంజూరు చేసింది. 30 ఏళ్ళపాటు కట్టే అద్దె కలుపుకుంటే నగరం మీద పడేది 6 కోట్ల 70 లక్షలని అప్పుడు తేలింది. ప్రజల ఓటుకు పెట్టమని సేకరించిన లక్షకు పైగా సంతకాలు కోర్టు వివాదంలో ఇరుక్కుపోయాయి. 2025లో కేంద్రం ప్రారంభమైంది. పోలీసుకు మంచి శిక్షణ అక్కరలేదనేవాడు అవివేకి. కాని దానంగా మొదలైనది చివరకు ఎవరి బాకీ అయిందో చూశారు గదా.

ఆ కుమారునికి చెప్పమని తల్లిదండ్రులతో అన్నది ఇంతే: అనాథలైన పోలీసు పిల్లల కోసమైతే, యువకుల కేంద్రానికైతే, ఫలానా పనికేనని వ్రాసి ఇవ్వమనండి. ఫోనులో అడిగినవారికి ఇవ్వవద్దనండి, పోలీసు పేరు చెప్పి మోసగించేవారు అక్కడా ఉన్నారు. కారుకు అంటించే స్టిక్కరు ఇస్తే తీసుకోవద్దనండి. న్యూయార్కులో పోలీసు యూనియన్లు బంధుమిత్రులకు పంచే మర్యాద కార్డులను లెక్కచేయక జరిమానాలు వ్రాసినందుకు తనను శిక్షించారని ఒక పోలీసు దావా వేశాడు. 2024లో నగరం అతనికి 1,75,000 డాలర్లు ఇచ్చి రాజీపడింది. అది ఫౌండేషను పని కాదు గాని, కానుక ఏ దారిన నడిచి ఎక్కడికి చేరుతుందో అక్కడ కనబడుతుంది.

మనకు ఇదంతా దూరపు కథ అనుకోకండి. హైదరాబాదులో సైబరాబాదు పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి 2006లోనే ఒక భద్రతా మండలిని సొసైటీగా ఏర్పరచుకున్నాయి. ఉద్యోగినుల కోసం అది నడిపిన షీ షటిల్ బస్సులు మంచి పని. జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలని 2013లో చట్టం వచ్చింది. తెలంగాణలో 'నేను సైతం' పేరిట కాలనీలవారు చందాలు వేసుకొని వీధి కెమెరాలు పెట్టించారు. పట్టణాలలో రోడ్డు మీద పోలీసు బారికేడ్ల మీద నగల దుకాణం పేరు, ఆసుపత్రి పేరు రోజూ చదువుతూనే ఉన్నారు. ఆ ఆసుపత్రి మీద ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళే విధవరాలు కూడా అదే బారికేడు దాటుకొని స్టేషనుకు పోవాలి.

మీ వీధికి కెమెరాల చందా కోసం వచ్చినప్పుడు మర్యాదగా కొన్ని సంగతులు అడగండి. రికార్డయినది ఎవరి వద్ద ఉంటుంది, ఎన్ని రోజులు ఉంటుంది, ఎవరెవరు చూడవచ్చు, చెడిపోతే బాగుచేయించేది ఎవరు? ఇవ్వలేని ఇంటిని కూడా ఆ కెమెరా అదే చూపుతో చూస్తుందా? రసీదు తీసుకోండి. ఫిర్యాదు వ్రాసుకోవడానికి తెల్ల కాగితాలు, జీపులో డీజిలు తెచ్చుకొమ్మని బీదవారిని అడిగే స్టేషన్లు ఇంకా ఉన్నాయి. ఎఫ్.ఐ.ఆర్. నకలు మాత్రం ఫిర్యాది చేతికి ఉచితంగా రావాలని చట్టం. కెమెరాకు చందా ఇచ్చేటప్పుడు ఆ కాగితాల సంగతి కూడా వారితో ప్రస్తావించండి.